కాలువ కట్టని కౌన్సిలరు

మా చిన్న మావయ్యకి ఎలక్షన్ల మీద ఉన్నంత ప్రేమ ఎలక్షన్లకి మా మావయ్య మీద ఎప్పుడూ కలగలేదు. ఒక్కసారి వార్డు మెంబరుగా నెగ్గాడు. అది కూడా ఎదురు నిలబడ్డవాడు ప్రచారమంతా జ్వరంతో మంచం మీద ఉండిపోబట్టి. తరవాత సర్పంచి పదవికి రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. రెండోసారి లెక్కింపు అయ్యాక, తనకి పడ్డ ఓట్లకీ తన చుట్టాల సంఖ్యకీ పొంతన కుదరడం లేదని వారం రోజులు ఇంటింటికీ తిరిగి అందరి మొహాల్లోకీ చూసొచ్చాడు. మా అత్త మొహంలోకి కూడా చూశాడట. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ, చూసింది చాలు, పక్కకి జరిగితే నూకలు కనబడతాయి అందట.

ఆయనది నరసన్నపేట. పెద్ద రోడ్డు పక్కన ఒక బియ్యం మిల్లులో వాటా, కాస్త పల్లపు భూమి, బాప్టిస్టు సంఘంలో ముందు వరసలో ఒక బల్ల, ఇవీ ఆయన ఆస్తులు. నేను అప్పట్లో శ్రీకాకుళంలో మిషను వాళ్ల ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు పంతులమ్మని. కొత్తగా ఉద్యోగంలో చేరాను, కొత్త గొడుగు కొనుక్కున్నాను, ప్రపంచంలో నాకు తెలియనిది లేదనే నమ్మకంతో ఉన్నాను.

అరవైల చివరి రోజులవి. అవతల మన్యంలో గొడవలు ముదురుతున్నాయి. నలుగురు ఒకచోట నిలబడి మాట్లాడుకుంటే అయిదోవాడు మఫ్టీలో ఉన్న కానిస్టేబులయ్యే కాలం. అలాంటి రోజుల్లో మావయ్య ఒక శనివారం పొద్దున్నే బస్సు దిగి మా బడికొచ్చి, హెడ్మాస్టరమ్మ గారికి దణ్ణం పెట్టి, దేశానికి ఒక పెద్ద అవసరం వచ్చిందనీ, దానికి నన్ను పంపాలనీ అడిగాడు. ఆవిడ భయపడి ఒప్పుకుంది.

సంగతేమిటంటే, పాలస్తీనా నాయకుడొకాయన తన వాళ్ల కష్టం చెప్పుకుంటూ మన దేశమంతా తిరుగుతున్నాడు. విశాఖపట్నంలో సభ అయిపోయింది, బరంపురంలో సభ ఉంది. కారులో పోతూ దారిలో ఎక్కడో ఒకచోట మధ్యాహ్నం భోజనం చెయ్యాలి. పార్టీ జిల్లా కార్యదర్శి ఆ భోజనాన్ని మా మావయ్యకి అప్పజెప్పాడు. భోజనంతో పాటు ఒక సభ కూడా పెట్టి, జనాన్ని పోగుచేసి, ఆయన దేశానికి మద్దతుగా ఒక తీర్మానం చేయించి చేతికిస్తే, దాన్ని హైదరాబాదు పంపిస్తాం, రాబోయే పంచాయితీ ఎన్నికల్లో టిక్కెట్టు నీదే అన్నాడు. పంచాయితీ ఎన్నికలకి పేరుకి పార్టీల్లేవు. కానీ ఎవరి వెనకాల ఎవరున్నారో ఊరందరికీ తెలుసు, ఆ వెనకాల ఉండడాన్నే మావయ్య టిక్కెట్టు అనేవాడు. ఇది ఆయనకి ఆఖరి అవకాశం. మూడోసారి సొంతంగా నిలబడే ఓపిక ఆయనకి లేదు, నిలబడనిచ్చే ఓపిక అత్తకి లేదు.

జనాన్ని పోగుచెయ్యడం దగ్గరే చిక్కొచ్చింది. అది వరికోతల కాలం. కొడవలి పట్టుకున్నవాణ్ణి ఉపన్యాసానికి పిలవడమంటే వాడి చేత తిట్లు తినడమే. కానీ మా మావయ్య మామూలు మనిషి కాదు. మా సంఘం వాళ్ల దగ్గరికి వెళ్లి, వచ్చేది సాక్షాత్తూ ప్రభువు పుట్టిన దేశపు మనిషి, యొర్దాను నది నీళ్లు తాగినవాడు అని చెప్పాడు. బజారులో గాజుల దుకాణాల సాయిబుల దగ్గరికి వెళ్లి, వచ్చేది యెరూషలేము పెద్దమనిషి, అరబ్బీలో మాట్లాడతాడు అన్నాడు. రైతుల దగ్గరికి వెళ్లి, ఆయనకి నారింజ తోటలున్నాయి, ఎరువుల సంగతి చెప్తాడు అన్నాడు. ఇంకెవరికేం చెప్పాడో నాకు తెలీదు కానీ, సభ రోజున ఒకాయన కన్నుపొర చూపించుకోవడానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు.

పన్నెండు దాటాక కారొచ్చింది. దిగినాయన అరవై ఏళ్లవాడు, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కోటు మోచేతుల దగ్గర నిగనిగలాడుతోంది. ఎన్ని దేశాల్లో ఎన్ని బల్లలకి ఆనుకుని కూర్చుంటే కోటు అలా అవుతుందో నాకు తరవాత అర్థమైంది. ముఖం మీద ఒక నవ్వుంది. మర్యాదగా ఉంది గానీ అది మా కోసం వచ్చింది కాదు, కారెక్కేటప్పుడే పెట్టుకుని వచ్చినట్టుంది.

ఆయన మాట తెలుగులోకీ, మా మాట ఇంగ్లీషులోకీ మార్చడం నా పని. నాకొచ్చిన ఇంగ్లీషు సగం బైబిల్ది, సగం మిషను దొరసానమ్మ వంటింటిది. ఆ రెండూ కలిపి ఆయనకి స్వాగతం చెప్పాను. ఆయన చాలా గంభీరంగా విని, ఇంత పవిత్రమైన స్వాగతం తనకెక్కడా దొరకలేదన్నాడు. వేళాకోళమని నాకు రెండు రోజుల తరవాత తట్టింది.

భోజనాల దగ్గర మావయ్య నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. అత్త చేపల పులుసూ, పెసరపప్పూ చేసింది. ఆయన వేళ్లతో చక్కగా కలుపుకుని తింటున్నాడు. మావయ్య మాత్రం తినీ తినకుండా, ఆయన రాజకీయ జీవితమంతా మొదటినుంచి అడగమని నన్ను పొడుస్తున్నాడు. నేను అడిగాను, ఆయన చెప్పాడు. తండ్రి బడిపంతులు. సముద్రపు ఒడ్డున ఊరు. పెద్ద నగరానికి వెళ్లి లా చదివాడు. ఇంగ్లీషు దొరలు జైల్లో పెట్టారు. ఇది వినగానే మావయ్య తానూ జైలుకెళ్లానని చెప్పమన్నాడు. మావయ్య వెళ్లింది ఒక్క రాత్రి, అదీ ఎడ్లపందాల దగ్గర గొడవలో. నేను చెప్పలేదు. జైలునుంచి వచ్చాక ఆ అతిథి తన ఊళ్లో మునిసిపల్ కౌన్సిలరుగా నెగ్గాడు. తరవాత యుద్ధమొచ్చింది. ఊరు పోయింది. ఒక పడవలో భార్యాబిడ్డలతో బయటపడి, పరాయి దేశంలో గుడారాల శిబిరంలో పడ్డాడు. అక్కడ పిల్లలకి చదువు చెప్పాడు, కమిటీల్లో చేరాడు, దేశదేశాలూ తిరిగాడు. మొన్న మొన్న మళ్లీ యుద్ధమొస్తే, మిగిలిన కాస్తా పోయింది.

అత్త గుమ్మం దగ్గర నిలబడి అంతా విని కళ్లొత్తుకుంది. మావయ్య మాత్రం, “మరి ఆ తరవాత మళ్లీ ఎప్పుడూ నిలబడలేదేటి?” అని అడగమన్నాడు.

ఆయన ఇంగ్లీషులో చాలా నెమ్మదిగా జవాబు చెప్పాడు. నిలబడాలంటే వార్డుండాలి కదా అన్నాడు. నేను తెలుగులో చెప్పాక మావయ్య అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఓడిపోవడం తప్ప రాజకీయాల్లో ఇంకో కష్టముంటుందని ఆయనకి అంతవరకూ తెలియదనుకుంటాను.

సభ మిల్లు ఆవరణలో, ధాన్యం ఎండబెట్టే సిమెంటు చప్టా మీద పెట్టారు. జనం బాగానే వచ్చారు. ఒకవైపు మా సంఘం వాళ్లు తెల్లబట్టల్లో, ఒకవైపు సాయిబులు టోపీలతో, వెనకాల కోతలు ఆపి వచ్చిన రైతులు కొడవళ్లతో. మిల్లు గోడకి ఆనుకుని గళ్ల చొక్కాలో ఒక కానిస్టేబులు కూర్చున్నాడు. ఊరందరికీ ఆయన తెలుసు కాబట్టి దారిలో పోయేవాళ్లందరూ పలకరిస్తున్నారు. శ్రీకాకుళంనుంచి కార్యదర్శి తీర్మానం ముందే రాసి తెచ్చుకున్నాడు. అందులో ఒక్కొక్క మాట ఎంత బరువుగా ఉందంటే చదవడానికి ముందు మంచినీళ్లు తాగాడు.

సభ మొదలవకముందే మా సంఘ పెద్ద నా చెవి దగ్గరికొచ్చి ఆయన మనవాడేనా అని అడిగాడు. వెంటనే గాజుల దుకాణం సాయిబుగారు వచ్చి ఆయన మావాడే కదా అని అడిగాడు. నాకు ఒళ్లు మండి, ఆ ప్రశ్న అలాగే తీసుకెళ్లి ఆయన్నే అడిగాను. తన వార్డులో ఇద్దరి ఇళ్లూ ఉండేవనీ, వానొస్తే నీళ్లు ఇద్దరి ఇళ్లలోకీ వచ్చేవనీ చెప్పాడు. నేను ఆ జవాబునే ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ తలూపుకుంటూ వెళ్లి కూర్చున్నారు.

ఉపన్యాసం మొదలైంది. ఆయన కాగితం తీసి చదువుతున్నాడు. సమితులు, తీర్మానాలు, ఒడంబడికలు, సరిహద్దులు. నేను ఒక్కొక్క వాక్యాన్నీ మోసుకొచ్చి తెలుగులో దింపుతున్నాను. నా తెలుగు నాకే అర్థం కావడం లేదు. పావుగంటకి రైతులు సూర్యుడి వైపు చూడ్డం మొదలుపెట్టారు. కన్నుపొర ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఇంకో నలుగురు లేచారు. టిక్కెట్టు కళ్లముందే గేటు దాటి పోతుంటే మావయ్యకి చెమటలు పట్టాయి.

“ఒసే, ఆ కాయితం ఆపమను. ఆ మనిసి ఊరి సంగతి సెప్పమను. ఊరి సంగతైతే ఎవులైనా ఇంటారు,” అన్నాడు నా వెనక చేరి.

నేను అదే చెప్పాను. ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకుని, మా వార్డులో చేపల బజారుండేది అని మొదలుపెట్టాడు.

చేపల బజారు వెనక ఒక సందు. వానాకాలం వస్తే సముద్రం పొంగి, పై వీధుల నీళ్లు పోవడానికి దారి లేక ఆ సందులో ఇళ్లన్నీ మునిగేవి. నన్ను గెలిపించండి, రాతి కాలువ కట్టిస్తాను అని ఆయన మాటిచ్చాడు. గెలిచాడు. మంజూరు చేయించాడు. రాళ్లు తెప్పించి సందు మొదట్లో పోయించాడు. అంతలో ఊరు పోయింది. ఇప్పుడు శిబిరంలో ఆ సందు ముసలమ్మ ఒకావిడ ఉంది, విధవ. ఆయన అక్కడికి వెళ్లి జాతి గురించి, న్యాయం గురించి మాట్లాడడానికి లేవగానే, ఆవిడ ముందు వరసలోంచి, నా కాలువేమైంది అని అడుగుతుంది. జనం నవ్వుతారు. అందుకని ఆయన ఆవిడ గుడారం ముందునుంచి కాకుండా శిబిరం వెనకనుంచి చుట్టు తిరిగి పోతాడు.

ఈ చివరి మాట తెలుగులో చెప్పేసరికి చప్టా మీద జనమంతా గొల్లున నవ్వి, ఒక్కసారిగా మా మావయ్య వైపు చూశారు. మావయ్య భుజం మీద కండువా సర్దుకున్నాడు. గేటు దగ్గరకి పోయినవాళ్లు వెనక్కొచ్చారు.

అప్పుడు ఊరి పక్కన పారే గెడ్డ అవతలి పేటనుంచి వచ్చిన ఒక ముసలావిడ లేచింది. కూరగాయలు పండించి సంతలో అమ్ముకునే మనిషి. ఎవరి దగ్గరా నోరు దాచుకోదు.

“పంతులమ్మా, ఆయన్నొక మాటడుగు. రాళ్లొచ్చీసినాయని సెప్పినాడు గదా. రాళ్లొచ్చీసినాక కట్టించడానికేటి అడ్డమొచ్చింది?”

కార్యదర్శి లేచి, అతిథిని అలా అడగకూడదమ్మా అన్నాడు. ఆవిడ ఆయన్ని లెక్కచెయ్యలేదు. మా పేటల్లో మెంబరనేవాడు ఏ దేశపు వాడైనా మెంబరే. నలుగురిలో నిలబెట్టి అడగడం అక్కడి పద్ధతి, అడిగితే చెప్పడం వాడి పద్ధతి. ఊరు పోయిందన్న సంగతి ఎవరికీ అర్థం కాకపోలేదు. కానీ ఊరు పోవడం వేరు, కాలువ కట్టకపోవడం వేరు అని వాళ్ల లెక్క.

నేను భయపడుతూనే ఆ ప్రశ్న ఇంగ్లీషులోకి మార్చాను. ఆయనకి కోపమొస్తుందనుకున్నాను. ఆయన ముఖం మీది ఆ నవ్వు మాయమైంది. రెండడుగులు ముందుకొచ్చి, నిజంగా సంజాయిషీ చెప్పుకునేవాడిలా చెప్పడం మొదలుపెట్టాడు. మేస్త్రీ ఆలస్యం చేశాడు. దొర ఇంజనీరు కొలత తప్పన్నాడు. రెండో కొలతకి ఇంకో వేసవి పోయింది.

ఒక తాపీ మేస్త్రీ లేచి నీళ్లు పారడానికి వాటం ఎటు ఇచ్చారని అడిగాడు. ఒక రైతు, సముద్రం పోటు మీదుంటే కాలువలోంచి నీళ్లు వెనక్కి తన్నవా, అప్పుడేం చేద్దామనుకున్నారని అడిగాడు. ఆయన చుట్టూ చూసి, బస్తాల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క ఒకటి తీసుకుని, కోటు విప్పి మా అత్త చేతికిచ్చి, చప్టా మీద మోకాళ్లేసుకుని కూర్చున్నాడు. ఇదిగో చేపల బజారు, ఇదిగో సందు, ఇది రొట్టెల కొట్టు, ఇక్కడ మలుపు అని గీస్తున్నాడు. జనం వరసలు చెదిరి చుట్టూ మూగారు. సాయిబుగారూ, సంఘ పెద్దా పక్కపక్కనే గొంతుక్కూర్చుని, మలుపు దగ్గర గోతి పెడితే బురద ఆగుతుందా ఆగదా అని పోట్లాడుకున్నారు. వాళ్లు చెప్పేది నేనూ, నేను చెప్పేది ఆయనా, ఆయన చెప్పేది మళ్లీ నేనూ. నా గొంతు పోయింది. కానీ అంత ఆనందంగా నేను ఎప్పుడూ ఇంగ్లీషు మాట్లాడలేదు.

పొద్దు వాలేదాకా పంచాయితీ సాగింది. తీర్పు మా ముసలావిడే చెప్పింది. తప్పు సగం దొర ఇంజనీరుది, సగం ఈయనది. రాళ్లు వచ్చినప్పుడే కనీసం సగం సందుకైనా కట్టించి ఉండాల్సింది. శిబిరంలో ఉన్న ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు. ఈయన ఇకమీదట చుట్టు తిరిగి పోకూడదు, ఆవిడ గుడారం ముందునుంచే పోవాలి. ఊరు తిరిగి చేతికొచ్చిన నాడు, మిగతా పనులన్నీ తరవాత, ముందు ఆ కాలువ కట్టాలి.

కార్యదర్శి తన కాగితం తీసి చదవబోయాడు గానీ, జనం తీర్మానం అయిపోయిందనుకుని అప్పటికే ఒప్పుకున్నట్టు చేతులు పైకెత్తారు. కానిస్టేబులు కూడా ఎత్తాడు. పక్కవాడు చూసేసరికి దింపేశాడు. ముసలావిడ తన చెయ్యి చాపి, మాటిచ్చినట్టు చేతిలో చెయ్యి వెయ్యమంది. మోకాళ్లకి సుద్దా, ఊకా అంటుకుని ఉన్న ఆ పెద్దమనిషి లేచి, ఆవిడ చేతిలో చెయ్యి వేసి, తన భాషలో ఏదో అన్నాడు. దాన్ని ఎవరూ తెలుగు చెయ్యమని అడగలేదు.

కారెక్కేముందు ఆయన నా దగ్గర ఆగాడు. ఎక్కడికెళ్లినా తన కోసం కన్నీళ్లు పెట్టుకున్నారనీ, దండలు వేశారనీ, ఇన్నేళ్లలో ఎవరూ తనని కౌన్సిలరుగా తిట్టలేదనీ అన్నాడు. మీ జనానికి నా కృతజ్ఞతలు చెప్పు అన్నాడు. కారు వెళ్లిపోయాక, అలా నిలబడి ఏడ్చాను.

మా మావయ్య ఏడవడానికి ఇంకా టైముంది. నాలుగు రోజుల్లో శ్రీకాకుళంనుంచి కబురొచ్చింది. ఒక దేశపు సమస్య మీద తీర్మానం చెయ్యమంటే మురుగుకాలువ మీద తీర్మానం చేయించిన మనిషిని నమ్ముకుని పార్టీ నిలబడలేదనీ, సర్పంచి పదవికి మరొకాయన్ని అనుకుంటున్నారనీ. ఆ మరొకాయన నూనె మిల్లు యజమాని, సభకి రాలేదు కూడా. మావయ్య ఆ కబురు విని, మొహం మీద కండువా కప్పుకుని నులకమంచం మీద పడుకున్నాడు. కాఫీ ఇస్తే కండువా కిందనుంచే వద్దన్నాడు. ఆదివారం సంఘం ఆరాధనకి కూడా వెళ్లలేదు. నేను చూడడానికి వెళ్లి మంచం పక్కన కూర్చుని ఏవేవో చెప్పాను. నాకు నిజంగానే బాధగా ఉంది. ఎంత తిట్టుకున్నా ఆ మనిషికి అదొక్కటే సరదా, అది కూడా పోయింది.

నేనక్కడ ఉండగానే ఆ ముసలావిడ వచ్చింది. వెనకాల పేటవాళ్లు ఏడెనిమిది మంది. తిన్నగా మంచం దగ్గరికొచ్చి నిలబడింది. గెడ్డ గట్టు తెగిందట, కోసిన వరి పనల కిందికి నీళ్లు వచ్చేస్తున్నాయట.

మావయ్య కండువా తియ్యకుండానే అన్నాడు. “నాకెందుకే సెప్తావు? నానిప్పుడు మెంబర్నా, సర్పంచినా? నాకు టిక్కెట్టే రాలేదు. ఎల్లి ఆ నూనిమిల్లాయనకి సెప్పుకో.”

“ఆయనకెందుకు సెప్తాం బావూ,” అంది ఆవిడ, అదేం ప్రశ్న అన్నట్టు. “ఓటైతే ఆయనకే ఏస్తాం, అందులో నీకనుమానమేటీ లేదు. గట్టు సంగతి మాత్రం నీకే సెప్తాం.”

నాకు నవ్వొచ్చింది, అంతలోనే కళ్లు మండాయి. మావయ్య కండువా లాగి తలకి చుట్టుకుని, కాళ్లు కిందికి దింపి, చెప్పుల కోసం వెతుకుతూ, “ఎంత మేర తెగింది?” అని అడిగాడు.